లాంగ్వేజ్ ఎలెక్టివ్ పెట్టుకునేవాళ్లకి, పోర్టల్ మూసేలోపు

మా పిన్ని కొడుకు మొన్న రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. తెల్లారి మధ్యాహ్నానికల్లా కాలేజీ పోర్టల్లో ఎలెక్టివ్, అంటే తను ఎంచుకునే సబ్జెక్టు, పెట్టేయాలట. లిస్టులో ఫ్రెంచ్, జర్మన్, జపనీస్, స్పానిష్ ఉన్నాయట, వాటి కింద 'వరల్డ్ కల్చర్స్' అని ఇంకొకటి ఉందట, అదేమిటో వాడికీ తెలీదు, వాడి రూమ్మేట్లకీ తెలీదు. "అక్కా, వీటిలో స్కోరింగ్ ఏటి?" అన్నాడు. ఏటా ఈ రోజుల్లో ఈ ప్రశ్న నన్ను కనీసం నలుగురు అడుగుతారు. నేనూ ఒకప్పుడు ఇదే అడిగాను కాబట్టి తిట్టలేను. వాడికి ఫోన్లో గంటసేపు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను, వాడి నిద్ర పాడైనా ఇంకొకరికి పనికొస్తుందని.

ముందు నా సంగతి. సెకండియర్లో సీనియర్ల మాట విని ఫ్రెంచ్ పెట్టాను. "పాసవ్వడం కాదే, తొంభైలొస్తాయి" అన్నారు. మొదటి నెలంతా మేడం బోర్డు మీద ఏం రాసినా నేను పక్కన తెలుగులో రాసుకునేదాన్ని, బోంజూర్, మెర్సీ, బొకూ అని. లేచి చదవమంటే బ్రహ్మాండంగా చదివేదాన్ని. మిడ్‌లో ఆ మాటల్నే రాయమన్నారు. బొకూ అని నోటితో అనేదానికి కాగితం మీద ఎనిమిది అక్షరాలుంటాయని అప్పుడు తెలిసింది, అందులో చివరి 'పి' అసలు పలకనే పలకరు. ఇరవైకి ఏడొచ్చాయి. సీనియర్లు అబద్ధం చెప్పలేదు, వాళ్లలో ఒకావిడకి నిజంగానే తొంభై దాటాయి. ఆవిడ స్కూల్లో ఐదేళ్లు ఫ్రెంచ్ చదువుకుని వచ్చిందన్న సంగతే నేను అడగలేదు.

అందుకే చెప్తున్నాను, ఎవరికి స్కోరింగ్ అనేది తెలియకుండా ఏది స్కోరింగ్ అని అడిగితే జవాబు రాదు.

సిలబస్ కాగితం తెరవండి

పోర్టల్లో కోర్సు పేరు మీద నొక్కితే సిలబస్ వస్తుంది, తొంభై శాతం మంది నొక్కరు. అందులో మొదట క్రెడిట్లు చూడండి. యూజీసీ 2022లో ఇచ్చిన డిగ్రీ ఫ్రేమ్‌వర్క్ ప్రకారం ఒక లెక్చర్ క్రెడిట్ అంటే సెమిస్టర్‌కి 15 గంటల క్లాసు. అంటే మూడు క్రెడిట్ల కోర్సుకి మొత్తం 45 గంటలు. ఈ 45 అనే అంకెని గుర్తు పెట్టుకోండి, మీ ఆశల్ని దీంతోనే కొలవాలి.

అమెరికా ప్రభుత్వం తన దౌత్యవేత్తలకి భాషలు నేర్పడానికి ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ అని ఒకటి నడుపుతుంది. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న మనిషి ఉద్యోగానికి పనికొచ్చేలా స్పానిష్ నేర్చుకోవాలంటే 600 నుంచి 750 క్లాసు గంటలు, జపనీస్, చైనీస్, కొరియన్, అరబిక్ అయితే 2200 గంటలు పడతాయని వాళ్ల లెక్క. (మన తెలుగు ఆ పట్టికలో మధ్యన ఎక్కడో హిందీతో పాటు ఉంటుంది, 44 వారాలట. చూసినప్పుడు నాకెందుకో గర్వంగా అనిపించింది.) మీకు దక్కే 45 గంటలు స్పానిష్ లెక్కలో పదమూడో వంతు నుంచి పదిహేడో వంతు, జపనీస్ లెక్కలో యాభయ్యో వంతుకి కాస్త అటూ ఇటూ. కాబట్టి సెమిస్టర్ అయ్యేసరికి పేరు చెప్పుకోవడం, టైమ్ అడగడం, టీ ఆర్డర్ చెయ్యడం, బోర్డులు కూడబలుక్కుని చదవడం వస్తే మీరు బాగా చదివినట్టే. "మూడు క్రెడిట్లు చేశాను" అని రెజ్యూమెలో 'జర్మన్ తెలుసు' అని మాత్రం రాయకండి. నా ఫ్రెండు ఒకడు రాశాడు. ఇంటర్వ్యూ చేసే ఆయన నవ్వుతూ "వీ గేట్ ఎస్ ఈనెన్?" అన్నాడట, అంటే మీరెలా ఉన్నారు అని, మనవాడు "యెస్ సర్" అన్నాడు.

తర్వాత, ఆ కోర్సు ఏ ఖాతాలో పడుతుందో చూడండి. 2020 విద్యావిధానం వచ్చాక డిగ్రీలో మల్టీడిసిప్లినరీ కోర్సులని ఒక ఖాతా, భాషా సామర్థ్యం పెంచే కోర్సులని ఇంకో ఖాతా, వాల్యూ యాడెడ్ అని మరోటి, ఇలా విడదీశారు. ఆ ఫ్రేమ్‌వర్క్‌లో మూడేళ్ల డిగ్రీకి మొదటిది 9 క్రెడిట్లు, రెండోది 8. మీ కాలేజీ జపనీస్‌ని ఎందులో పెట్టిందో కాలేజీ ఇష్టం. ఒక ఖాతా నిండిపోయాక అదే ఖాతాలో ఇంకో కోర్సు పెట్టుకుంటే చివరి సెమిస్టర్లో 'మీకు మూడు క్రెడిట్లు తక్కువ' అంటారు, అప్పుడు డిపార్ట్‌మెంట్ ఆఫీసు చుట్టూ తిరగాలి. ముందే క్లర్కుగారిని అడిగేస్తే రెండు నిమిషాల పని.

మూడోది మార్కులు ఎలా వేస్తారన్నది. నోటిపరీక్ష ఉందా, వారం వారం చిన్న టెస్టులా, చివర్న ఒకే పెద్ద పరీక్షా? నోరు విప్పడానికి సిగ్గుపడేవాళ్లు ముప్పై మార్కుల నోటిపరీక్ష ఉన్న కోర్సు పెట్టుకుంటే సిగ్గయినా పోతుంది, మార్కులైనా పోతాయి. 75 శాతం అటెండెన్స్ అన్నిచోట్లా మామూలే గానీ భాష క్లాసుకి రెండు వారాలు పోకపోతే అటెండెన్స్ గొడవ కంటే ముందే మీ పని అయిపోతుంది, ఎందుకంటే హిస్టరీలాగా ఆ చాప్టర్ వదిలేసి తర్వాతది చదవడం ఇక్కడ కుదరదు.

మీ నోట్లో ఇప్పటికే ఏముందో చూసుకోండి

ఇది ఎవరూ చెప్పరు. తెలుగు వచ్చినవాళ్లకి కొన్ని భాషలు సగం వచ్చేసినట్టే ఉంటాయి, మన ఇంగ్లిష్ పుస్తకాలు మాత్రం ఇంగ్లిష్ వాళ్ల కష్టాల్నే మన కష్టాలుగా చెప్తాయి.

జపనీస్ తీసుకోండి. 'నేను బస్సులో బీచ్‌కి వెళ్తాను' అన్నదాన్ని జపనీస్‌లో 'వతషి వ బసు దె బీచి ని ఇకిమసు' అంటారు. వతషి నేను, బసు దె బస్సులో, బీచి ని బీచ్‌కి, ఇకిమసు వెళ్తాను. ఏ మాటా జరగలేదు చూశారా, కింద తెలుగు పెట్టి గీత గీస్తే సరిపోయింది. ఇంగ్లిష్ వాళ్లకి క్రియ చివరికి పోవడం, ప్రత్యయం మాట వెనక తగలడం వింతగా ఉంటాయి, వాటికి పుస్తకంలో రెండు చాప్టర్లు పోతాయి, మీరు ఆ చాప్టర్లని కాఫీ తాగేలోపు దాటేయొచ్చు. ఒక చిన్న గొయ్యి మాత్రం ఉంది. 'ని' అనగానే మనకి 'పుస్తకాన్ని' గుర్తొస్తుంది, కానీ వాళ్ల 'ని' మన 'కి'. మన 'ని' చేసే పని అక్కడ 'ఒ' చేస్తుంది. మొదటి వారం అందరూ ఇందులో పడతారు.

హ్రస్వం, దీర్ఘం, ద్విత్వం కూడా మన చేతిలో ఉన్నవే. జపనీస్‌లో ఒబసన్ అంటే పిన్ని, అత్త వరస ఆవిడ, ఒబాసన్ అంటే అమ్మమ్మ, నాన్నమ్మ. కితె అంటే రా, కిత్తె అంటే పోస్టల్ స్టాంపు. 'పలు'కీ 'పాలు'కీ, 'గడి'కీ 'గడ్డి'కీ తేడా పలికే నోటికి ఇదేం కష్టం. నేను నేర్చుకునేటప్పుడు మొదటి పది రోజులూ ఉచ్చారణ తెలుగులోనే రాసుకున్నాను, ఇక్కడ అది దెబ్బ కొట్టలేదు, ఫ్రెంచ్‌లో కొట్టినట్టు. రాసింది రాసినట్టే పలికే భాషకి తెలుగు లిపి మంచి నిచ్చెన. పదకొండో రోజు నిచ్చెన తీసేయాలి, అంతే.

ఇంకో ముచ్చట. జపనీస్ రాసే హిరగాన అక్షరాల వరస అ, ఇ, ఉ, ఎ, ఒ, తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ. మన వర్ణమాల పక్కన పెట్టి చూడండి: క, చ, త, న, ప, మ, య, ర, వ. 'హ' ఒకప్పుడు 'ప' అని పలికేదని భాషావేత్తలు అంటారు, అది కూడా పెట్టుకుంటే వరస దాదాపు కలిసిపోతుంది. కాకతాళీయం కాదు, బౌద్ధ గ్రంథాల కోసం సంస్కృత అక్షరాలు నేర్చుకున్న సన్యాసుల చదువు నుంచి వచ్చిన వరస అది. 46 అక్షరాల్ని విడివిడిగా బట్టీ పట్టకుండా మన గుణింతంలాగా చదవండి, వారంలో వచ్చేస్తాయి. కంజి, అంటే చైనా నుంచి వచ్చిన అక్షరాలు, మాత్రం వేరే సంగతి, దానికి తెలుగు ఏమీ సాయం చెయ్యదు. రోజువారీ వాడకానికని జపాన్ ప్రభుత్వం ఇచ్చిన పట్టికలోనే 2136 ఉన్నాయి. మీ సెమిస్టర్లో నలభై యాభై వస్తే చాలు.

స్పానిష్‌లో 'ఆబ్లో' అంటే మాట్లాడతాను, 'ఆబ్లాస్' మాట్లాడతావు, 'ఆబ్లామోస్' మాట్లాడతాం. నేను, నువ్వు అని విడిగా చెప్పక్కర్లేదు, క్రియ తోకలోనే మనిషి ఉంటాడు, మనకి ఉన్నట్టే. వాళ్ల త, ద కూడా దంతాలకి నాలుక తగిలేవే, ఇంగ్లిష్ ట, డ కాదు. ఈ రెండూ ఉంటే స్పానిష్ మనకి చాలా మర్యాదగా ఉంటుంది. ఫ్రెంచ్ 'వూ' మన 'మీరు' లాగానే గౌరవానికీ బహువచనానికీ ఒకటే మాట, ఎవరిని 'తూ' అనాలో ఎవరిని 'వూ' అనాలో మనకి ఎవరూ నేర్పక్కర్లేదు, కానీ స్పెల్లింగ్ గురించి పైన ఏడుపు విన్నారు కదా. జర్మన్ చక్కగా రాసినట్టే పలుకుతారు, అయితే బల్లకీ తలుపుకీ కిటికీకీ కూడా లింగం ఉంటుంది, డెర్, డీ, డాస్ అని మూడు, అది మాట నేర్చుకున్న రోజే దాంతో పాటు నేర్చుకోకపోతే తర్వాత అతకదు.

జర్మనీ వెళ్లాలనుకుంటే జర్మన్ పెట్టుకోండి, కొరియా డ్రామాలు చూస్తే కొరియన్ ఉన్నచోట కొరియన్ పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. రోజూ ఆ భాష చెవిన పడే కారణం ఒకటి మీకు ముందే ఉంటే అదే అన్నిటికంటే పెద్ద బలం. 'స్కోప్' అనే మాట మీద ఆధారపడి పెట్టుకున్నవాళ్లు మాత్రం మూడో వారానికి జారిపోవడం నేను చాలా చూశాను.

రోజూ చెయ్యాల్సింది కొంచెమే. మా విశాఖలో గాజువాక నుంచి మద్దిలపాలెం బస్సెక్కితే ఆ ట్రాఫిక్‌లో ఇరవై నిమిషాలు దొరక్కుండా పోవు. నిన్నటి పది మాటలు నోట్లో అనుకోండి, ఇవాల్టి పది చూడండి. పెదాలు కదలాలి, కళ్లతో చదివితే రాదు. పక్కనావిడ వింతగా చూస్తుంది, చూడనీయండి. వారానికి రెండు రోజులు కాగితం మీద రాయాలి, ఫోన్లో టైప్ చెయ్యడం లెక్కలోకి రాదు, పరీక్ష పెన్నుతోనే. అసైన్‌మెంట్‌ని ఏఐ చేత రాయించి ఇచ్చేవాళ్లకి ఒక్క మాట: మీకింకా భూతకాలం చెప్పనేలేదు, మీ పేరాగ్రాఫ్‌లో మూడు రకాల భూతకాలాలు ఉంటే టీచరుకి తెలియదా?

కల్చర్ పేపర్ పెట్టుకుంటే

మావాడికి తెలియని ఆ 'వరల్డ్ కల్చర్స్' కోర్సు ఇంగ్లిష్‌లోనే చెప్తారు, భాష నేర్పరు. చదవాల్సింది ఎక్కువ, బట్టీ తక్కువ, మార్కులన్నీ రాతలో ఉంటాయి. ఈజీ అనుకుని పెట్టుకున్నవాళ్లు చివర్లో పదిహేను పేజీల టర్మ్ పేపర్ దగ్గర దొరికిపోతారు. 'జపాన్ సంస్కృతి' అని టైటిల్ పెట్టి, కిమోనో, టీ, చెర్రీ పూలు తలా ఒక పేరా రాస్తే టీచరు ఆ ఏడాది చదివే నలభయ్యోది మీది అవుతుంది.

ఒక చిన్న వస్తువు పట్టుకోండి. చెప్పులు బయట విప్పడం మనకీ జపాన్ వాళ్లకీ ఇద్దరికీ ఉంది. ఎక్కడ విప్పుతారు? వాళ్ల ఇంటి గుమ్మంలో గెన్‌కాన్ అని ఒక చోటు ఉంటుంది, ఇంటి నేల కంటే ఒక మెట్టు కిందకి ఉంటుంది, అక్కడ విప్పి పైకి ఎక్కాలి. మన గడప నేల కంటే ఎత్తు, దాన్ని దాటాలి, తొక్కకూడదు, పండగొస్తే పసుపు రాసి బొట్లు పెడతాం. ఇద్దరికీ లోపలా బయటా అనే హద్దు కావాలి, ఒకళ్లు దాన్ని పల్లం చేశారు, ఇంకొకళ్లు ఎత్తు చేశారు. ఇంత దొరికాక పేపర్ రాయడానికి కష్టం ఏముంది, మీ ఇంటి గడప ఫొటో తీసి పెట్టండి.

అసలు విశాఖలో ఉన్నవాళ్లు విదేశీ సంస్కృతి కోసం గూగుల్ మీద పడటం నాకు అర్థం కాదు. భీమిలిలో సముద్రం ఒడ్డున డచ్చి వాళ్ల సమాధులున్నాయి, రాళ్ల మీద వాళ్ల రాతలున్నాయి, ఆదివారం బజ్జీలు తినడానికి వెళ్తాం, పక్కనే ఉన్నా చూడం. తొట్లకొండ బౌద్ధ విహారం తవ్వకాల్లో రోమన్ నాణేలు దొరికాయి, సముద్రం మీద వ్యాపారం అనే యూనిట్ మీ సిలబస్‌లో ఉంటే ఇంకేం కావాలి. పాతబస్తీ దగ్గర రాస్ హిల్ మీద చర్చి, పక్క కొండల మీద దర్గా, వెంకటేశ్వరస్వామి గుడి, మూడూ హార్బర్ వైపే చూస్తుంటాయి. స్టీల్ ప్లాంట్‌కి సోవియట్ యూనియన్‌తో ఒప్పందం 1979లో అయింది, బీచ్ రోడ్డులో మ్యూజియం అయిన కురుసుర జలాంతర్గామి కూడా అక్కడ తయారైనదే. గాజువాక వైపు రిటైరైన పెద్దవాళ్లని కదిలించండి, రష్యన్ ఇంజనీర్ల ముచ్చట్లు ఎవరో ఒకరి దగ్గర ఉంటాయి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఇక్కడ బాంబులేశాయి. మా తాతమ్మ ఏ సంగతి చెప్పినా 'బాంబులు పడ్డ ఏడు' అని మొదలుపెట్టేది, మూటలు కట్టుకుని ఊరు వదిలి పల్లెకి పోయారట. నేను జపనీస్ నేర్చుకుంటున్నానంటే ఆవిడ ఉండుంటే ఏమనేదో.

ప్రపంచ భాషలంటే విమానం ఎక్కాల్సినవే కానక్కర్లేదు కూడా. అరకు వైపు గదబ గిరిజనుల్లో కొందరు మాట్లాడే గుతోబ్, ముండా అనే శాఖకి చెందిన భాష, దాని పెద్ద కుటుంబంలో కంబోడియా ఖ్మేర్, వియత్నామీస్ ఉన్నాయి. తెలుగుకి దానితో చుట్టరికం లేదు. టీచరు ఒప్పుకుంటే దీని మీద రాసినవాళ్లకి పోటీ ఉండదు.

కాలేజీలో మీకు కావలసిన భాష లేకపోతే

కేంద్ర ప్రభుత్వం ఆన్‌లైన్ కోర్సులు పెట్టే 'స్వయం' పోర్టల్లో జర్మన్, జపనీస్ లాంటివి ఉంటాయి, చేరడం ఉచితం, పరీక్షకి ఫీజు వేరే. సెమిస్టర్లో ఉన్న కోర్సుల్లో 40 శాతం దాకా అలా చెయ్యొచ్చని యూజీసీ 2021లోనే రూల్ ఇచ్చింది, అయితే మీ డిపార్ట్‌మెంట్ ముందుగా ఒప్పుకుంటూ కాగితం ఇవ్వాలి. ఆ కాగితం లేకుండా చేస్తే సర్టిఫికెట్ గోడకి తగిలించుకోవడానికే. అందులో ఐఐటీల వాళ్లు నడిపే ఎన్‌పీటెల్ కోర్సుల్లో 25 మార్కులు వారం వారం అసైన్‌మెంట్లకి, 75 సెంటర్‌కి వెళ్లి రాసే పరీక్షకి. పన్నెండు వారాల కోర్సయితే అసైన్‌మెంట్లలో మంచివి ఎనిమిది లెక్కేస్తారు. పాసవ్వాలంటే అసైన్‌మెంట్లలో 10, పరీక్షలో 30, రెండూ రావాలి, కలిపి 40 వస్తే చాలనుకుని మునిగినవాళ్లున్నారు. క్రెడిట్లు దాచుకునే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో మీ ఐడీ తీసి పెట్టుకోండి, అక్కడ పడ్డ క్రెడిట్లు ఏడేళ్ల దాకా ఉంటాయి.

బయట చెప్పుకోదగ్గ సర్టిఫికెట్ కావాలంటే అది వేరే పరీక్ష. జపనీస్‌కి జేఎల్‌పీటీ జులైలో, డిసెంబర్లో జరుగుతుంది, ఎన్5 కింది మెట్టు, మాట్లాడే పరీక్ష అందులో లేదు. ఫ్రెంచ్ డెల్ఫ్, జర్మన్ గోథె పరీక్షల్లో మాట్లాడాలి, రాయాలి. ఏ ఊర్లో సెంటర్ పడుతుందో చూసుకుని రైలు టికెట్‌తో కలిపి ఖర్చు వేసుకోండి.

ఇంటర్ అవ్వగానే అమెరికాలో బ్యాచిలర్స్‌కి వెళ్లేవాళ్లకి రెండు ముక్కలు (ఎమ్మెస్ వాళ్లకి ఇది పట్టదు). అక్కడ డిగ్రీకి సాధారణంగా 120 క్రెడిట్లు, ఏ మేజర్ అయినా జనరల్ ఎడ్యుకేషన్ ఉంటుంది, చాలా యూనివర్సిటీల్లో అందులో భాషలు, సంస్కృతులు ఒక భాగం. వెళ్లగానే అడ్వైజర్‌ని అడగాల్సింది ఒకటే: "నేను ఇంగ్లిష్ కాని భాష మాట్లాడుతూ పెరిగాను, నాకు మినహాయింపు ఉందా?" కొన్నిచోట్ల ఇస్తారు, కొన్నిచోట్ల పరీక్ష పెడతారు, మార్కుల లిస్టులో తెలుగు ఉంటే పనికొస్తుంది, కాబట్టి ఒరిజినల్స్ పట్టుకెళ్లండి. పెన్సిల్వేనియా లాంటి కొన్ని యూనివర్సిటీల్లో తెలుగు క్లాసులే ఉన్నాయి, కానీ తెలుగు వచ్చినవాళ్లని తెలుగు మొదటి మెట్టులో కూర్చోనివ్వరు, హిందీ వచ్చి హిందీ మొదటి క్లాసులో చేరడం కూడా అంతే. చాలాచోట్ల భాష మొదటి భాగం ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్లోనే ఉంటుంది, తప్పిపోతే ఏడాది ఆగాలి. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకి సెమిస్టర్లో కనీసం 12 క్రెడిట్లుండాలి, అందులో ఆన్‌లైన్ కోర్సు ఒకటే లెక్కకొస్తుంది, భాషని ఆన్‌లైన్లో కానిచ్చేద్దాం అనుకునే ముందు ఇది చూసుకోండి.

మావాడు ఇదంతా విని జపనీస్ పెట్టుకుంటానని పడుకున్నాడు. తెల్లారి లేచి తొమ్మిదిన్నరకి పోర్టల్ తెరిస్తే జపనీస్ సీట్లు అయిపోయాయట. స్పానిష్ దొరికింది. సోమ, బుధ, శుక్ర, పొద్దున్న మొదటి గంట. మొదటి క్లాసు అయ్యాక వాట్సాప్ పెట్టాడు: "అక్కా, ఓలా అంటే హలో అట. రాయడానికి ముందు హెచ్ ఉంది, పలకరట. దీంట్లో కూడా ఇదేటి?"